మూడో ప్రశ్నకు జవాబు

జూన్ 3, సోమవారం

మామయ్యకు,

మీ నోరున్న మేనకోడలు రాస్తున్నది. నిన్న ఫోను చేశాను, ఎత్తారు. నాలుగు నిమిషాలు మీ ఊపిరి విన్నాను. బాగానే తీస్తున్నారని అమ్మకు చెప్పాను. మిగతా విషయం మీ ఊపిరితో తేల్చుకునేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మీ ఊరి బస్టాండు పక్కన పాత టికెట్ల గది ఉంది కదా, ఎనిమిదేళ్లుగా తాళం వేసి పావురాలకు అప్పగించింది? మా మునిసిపల్ ఆఫీసుకు ఉన్నట్టుండి దాని మీద ప్రేమ పుట్టింది. అందులో ఏదో ఒక కొత్త వ్యాపారం పెట్టించాలట. ఏ వ్యాపారమో ఊరివాళ్లనే అడగాలట. అందుకో సర్వే. సర్వేకు పంపిన గుమాస్తా మొదటి రోజు, మొదటి వీధిలో, మొదటి గుమ్మం ఎక్కకముందే కుక్క చేత కరిపించుకుని తిరిగొచ్చాడు. ఎక్కడ కరిచిందో రాయను. ప్రస్తుతం నిలబడి పనిచేస్తున్నాడు.

ఆ పని నా నెత్తిన పడింది. నెలాఖరుకు రెండు వందల ఫారాలు నిండితే నా ఉద్యోగం పర్మనెంటు చేస్తానని మా సూపరింటెండెంటు అన్నాడు. నిండకపోతే ఇంటికి. ఆరేళ్లుగా నా కుర్చీ వెనక సుద్దముక్కతో ‘తాత్కాలికం’ అని రాసి ఉంది. అది కుర్చీ గురించో నా గురించో అడిగే ధైర్యం ఇంతవరకూ రాలేదు.

ఆ ఊళ్లో నాకున్నది మీరొక్కరే. యాభై ఏళ్లు ఊరందరి చెప్పులూ కుట్టారు. మీకు తెలియని మనిషి ఉండడు. షాపు మూసి రెండేళ్లయింది కాబట్టి తీరిక లేదని అనడానికీ లేదు. మాట్లాడక్కర్లేదు మామయ్యా. గుమ్మం ముందు నిలబడండి, ఫారం చాచండి, వాళ్లు చెప్పింది రాయండి, వచ్చేయండి. ముఖ్యమైంది మూడో ప్రశ్న: ‘మీ ఊళ్లో కొత్తగా ఏ వ్యాపారం రావాలని కోరుకుంటున్నారు?’ మిగతావి మా సూపరింటెండెంటు తనకు చదువొచ్చని చూపించుకోవడానికి పెట్టినవి.

కట్ట బస్సు కండక్టరుతో పంపుతున్నాను. ‘గురువారం’ అని మాత్రం అనకండి. చెప్పులిచ్చిన ప్రతివాడికీ మీరు చెప్పిన మాట అదొక్కటే. ఏ గురువారమో ఏనాడూ చెప్పలేదు.

గోళ్లు కొరుక్కుంటూ,
మీ మేనకోడలు

అమ్మ మాట: “వాడు చేయడు. పుట్టినప్పుడు కూడా ఏడవలేదు వాడు, ఎవరికైనా నిద్రాభంగం అవుతుందేమోనని.”

&nbsp;

జూన్ 6, గురువారం

అమ్మడూ,

క్షేమమని రాయడం పద్ధతి. రాశాను.

నావల్ల కాదు. కట్ట వచ్చింది. విప్పలేదు.

ఊరంతా తెలుసన్నావు. తెలియదు. షాపులో నేను కింద కూర్చునేవాణ్ణి. వాళ్లు నిలబడేవాళ్లు. నాకు తెలిసింది మోకాళ్ల కింద ఉన్న ఊరు. మొహాలు గుర్తు లేవు.

కుక్క సంగతి. అది మంచి కుక్క. మీ గుమాస్తా బూట్లకు ఇనప లాడాలు ఉండి ఉంటాయి. ఠక్కుఠక్కుమని నడిచి ఉంటాడు. ఆ చప్పుడు దానికి పడదు. రబ్బరు అట్ట వేయించుకోమను. మళ్లీ కరవదు.

మీ సూపరింటెండెంటుకు చెప్పి ఇంకెవరినైనా పంపించు. నీ పర్మనెంటు గురించి నాకు దిగులుగానే ఉంది. దిగులు వేరు. గుమ్మం ముందు నిలబడటం వేరు.

ఉంటాను.
మామయ్య

తా.క. కట్ట విప్పాను. తాడు మంచిదని విప్పాను.

ఇంకో తా.క. పదకొండు అయ్యాయి. పంపుతున్నాను.

&nbsp;

జూన్ 10, సోమవారం

మామయ్యకు,

‘నావల్ల కాదు’ అంటూ పదకొండు పంపారు. మీ వల్ల అయ్యుంటే ఎన్ని పంపేవారో. అమ్మ నమ్మలేదు. ఫారాలను దీపానికి పెట్టి చూసి, “దస్తూరీ వాడిదే” అని ఒప్పుకుంది.

రెండు ఫిర్యాదులు. మొదటిది. ‘పేరు’ అన్నచోట పేరు రాయాలి. మీరు ‘ఎడమ మడమ అరిగినాయన’ అని రాశారు. ఇంకోచోట ‘పట్టీకి పిన్నీసు పెట్టుకున్నావిడ’. మరోచోట ‘పదో నంబరు, తొమ్మిది వేసుకుంటాడు’. మా సూపరింటెండెంటు కళ్లజోడు సర్దుకుని, “ఎడమ మడమ అనేది ఇంటిపేరా?” అని అడిగాడు. “అవునండీ, పాత కుటుంబం” అన్నాను. ఎల్లకాలం ఇలా నెట్టుకురాలేను.

రెండోది. నాలుగో ప్రశ్న ‘ఈ వ్యాపారాన్ని నెలకు ఎన్నిసార్లు వాడుకుంటారు?’ అని. పదకొండు ఫారాల్లోనూ ‘గురువారం’ అని రాశారు. వాళ్లు చెప్పారా, మీ చెయ్యి దానంతటదే రాసిందా?

కానీ మూడో ప్రశ్న చూసి మా ఆఫీసు లేచి కూర్చుంది. కిరాణా అంటారు, జిరాక్సు అంటారు అనుకున్నాం. డాన్సు స్కూలు నాలుగు! ఈతకొలను మూడు! పూల దుకాణం రెండు! కొండలెక్కే సామాన్ల దుకాణం రెండు! మీ ఊరి చుట్టుపక్కల కొండ ఎక్కడుంది మామయ్యా? ఇన్నాళ్లూ మీ ఊరిది నిద్రమొహం అనుకున్నాను. లోపల ఇంత సోకు దాచుకుందా?

ఇంకా పంపండి. నా కుర్చీ మీద ఒట్టు.

మీ మేనకోడలు

&nbsp;

జూన్ 13, గురువారం

అమ్మడూ,

నలభై ఏడు పంపుతున్నాను. పేర్లు అడిగాను. చెప్పారు. రాశాను. ఏ పేరు ఏ చెప్పులదో ఇప్పుడు గుర్తు లేదు.

ఎలా తిరుగుతున్నావని అడుగుతావు. అడగకపోయినా రాస్తాను. గుమ్మం కొట్టను. గోడ పక్కన నిలబడతాను. ఎవరో ఒకరు బయటికి రాకపోరు. మా వీధి చివర టైలరమ్మ ఉంది. నాకంటే పదేళ్లు చిన్న. నోరు నాలుగేళ్లు పెద్ద. ఆవిడ ఇంటి ముందు అరగంట నిలబడ్డాను. కిటికీలోంచి అరిచింది.

“ఏమయ్యా, గోడకి అంత అతుక్కున్నావేంటి? సున్నం అంటుకుంటుంది.”

“ఫారం” అన్నాను.

“ఏం ఫారం? ఎవరు పోయారు?”

“సర్వే.”

“ఓరి నీ నోరు పడ! నీకు గురువారం కాక ఇంకో మాట కూడా వచ్చా?” అని మిషను ఆపేసి బయటికి వచ్చింది. పక్కింటివాళ్లను కూడా పిలిచింది, వినమని.

మూడో ప్రశ్న చదివాను. ఆవిడ నా మొహం వంక చూసింది. నేను ఆవిడ కాళ్ల వంక చూశాను. జవాబు చెప్పింది. పక్కింటివాళ్లూ అదే చెప్పారు. అది ఆఫీసుకు పనికొచ్చేది కాదు. పనికొచ్చేది రాశాను.

చాలామంది అలా పనికిరానిదే చెబుతున్నారు. నేను సరిచేసి రాస్తున్నాను. నువ్వు కంగారుపడకు.

కాళ్లు నొప్పి. బాగానే ఉన్నాను.

మామయ్య

&nbsp;

జూన్ 17, సోమవారం

మామయ్యకు,

పనికిరానిది అంటే ఏం చెబుతున్నారు? బూతులా? మా సూపరింటెండెంటును తిడుతున్నారా? అలాంటివైతే విడిగా ఒక కాగితం మీద రాసి పంపండి. నేను ఇంట్లో చదువుకుంటాను.

ఇక్కడ కథ నడుస్తోంది. మీ లెక్కలో డాన్సు స్కూలు అన్నిటికంటే ముందుంది. అది చూసి సూపరింటెండెంటు మొహం వెలిగిపోయింది. ఎందుకో నిన్న తెలిసింది. ఆయనకొక బావమరిది ఉన్నాడు. ఆ బావమరిది డాన్సు నేర్పుతాడు. నేర్చుకునేవాళ్లు దొరక్క ప్రస్తుతం తను ఒక్కడే చేస్తున్నాడు. గదికి నాలుగు నిలువుటద్దాలు కూడా చెప్పేశాడట. “ప్రజాభిప్రాయం ముందు మనం ఎంత?” అంటున్నాడు సూపరింటెండెంటు. ప్రజలంటే ఈయనకు ఇంత గౌరవం ఉండటం ఆరేళ్లలో ఇదే చూడటం.

నాకేం, నా రెండు వందలు నాకు కావాలి. కానీ ఒక్క సందేహం. రిటైరైన పోస్టుమాస్టరు గారి ఫారం చూశాను. ఎనభై ఒక్క ఏళ్లు. ఆయనకు డాన్సు స్కూలు కావాలా? నిజంగా ఆయనే అన్నారా?

మీ మేనకోడలు

అమ్మ మాట: “కాళ్లు నొప్పంటున్నాడు. వేడినీళ్లలో పెట్టుకోమను. చెప్పులు మార్చుకోమను. ఊరందరికీ కుట్టాడు, తనవి చూసుకున్న పాపాన పోలేదు.”

&nbsp;

జూన్ 20, గురువారం

అమ్మడూ,

మిగతావన్నీ పంపుతున్నాను. మొత్తం నూట తొంభై తొమ్మిది. ఊరు అయిపోయింది.

పోస్టుమాస్టరు గారు పైకి అనలేదు. ఆయన పైకి అన్నది వేరే. ఆయన చెప్పులు చూశాను. మడమలు కొత్తవాటిలా ఉన్నాయి. ముందువైపు అరిగి కాగితం అయింది. మునివేళ్ల మీద నడిచేవాళ్లకే అలా అరుగుతుంది. ముసలాయన మునివేళ్ల మీద ఎందుకు నడుస్తాడు? మనసులో డాన్సు ఉంది. సిగ్గుపడి చెప్పలేదు. సిగ్గు సంగతి నాకు తెలుసు. అందుకే ఆయన బదులు నేను రాశాను.

మందుల షాపావిడ ఒక పక్కకే ఒరిగి నిలబడుతుంది. చెప్పు అటే అరిగింది. అటు కిటికీ ఉంది. కిటికీ బయట పూలకుండీ. పూల దుకాణం రాశాను.

బ్యాంకు క్యాషియరు, అదే ఎడమ మడమ అరిగినాయన, ఆయన బూట్లు తడిసి ఆరి, తడిసి ఆరి, ఉబ్బాయి. నీళ్లంటే ఇష్టం అనుకున్నాను. ఈతకొలను.

కొందరు చెప్పులకు తాళ్లు చుట్టుకున్నారు. తాళ్లు ఎవరు వాడతారు? కొండలెక్కేవాళ్లు.

నోరు అబద్ధం చెబుతుంది. మొహమాటానికి చెబుతుంది. చెప్పులు చెప్పవు.

నిన్న టైలరమ్మ వీధిలో నిలదీసింది. “నేను చెప్పింది రాశావా లేదా?” అంది. పక్క సందులోకి వెళ్లిపోయాను. సందు చివర గోడ ఉంది. చాలాసేపు అక్కడే ఉన్నాను.

మీ అమ్మకు చెప్పు. వేడినీళ్లలో పెట్టాను.

మామయ్య

&nbsp;

జూన్ 22, శనివారం

మామయ్యకు,

ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నాను. గట్టిగా చదవండి.

ఫారాలు నిజమైనవేనా అని పదిళ్లు తిరిగి చూసి రమ్మని గుమాస్తాను పంపించారు. అవును, ఆ గుమాస్తానే. రబ్బరు అట్ట వేయించుకున్నాడు. కుక్క లేచి చూసి మళ్లీ పడుకుందట. అందుకు మీకు నమస్కారం చెప్పమన్నాడు. ఆ నమస్కారం వరకే మంచి వార్త.

పదిళ్లు. పదిళ్లకు పదిళ్లూ ఒకటే మాట. “మూడో ప్రశ్నకు మేం చెప్పింది చెప్పులు కుట్టే షాపు” అని. పోస్టుమాస్టరు గారిని మీకు డాన్సు కావాలా అని అడిగితే, చేతికర్ర ఎత్తి గేటు దాకా తరిమాడట. డాన్సు దగ్గరదగ్గర అదేనని గుమాస్తా రాసుకొచ్చాడు.

ఇప్పుడు సూపరింటెండెంటు ఏమంటున్నాడో వినండి. “మీ మామయ్య ఇంటింటికీ తిరిగి తన షాపు కోసం ఊరిని చెడగొట్టాడు. ఫారాలు చెల్లవు. నీ సంగతి నెలాఖరుకు చూద్దాం.” నేనేమని చెప్పను? మీరు మీ షాపు కోసమే అడిగి ఉంటే, ఫారంలో డాన్సు స్కూలని ఎందుకు రాస్తారు? దొంగ లెక్క రాసేవాడు కనీసం తనవైపుకైనా రాసుకుంటాడు కదా!

నాకు కోపం అది కాదు మామయ్యా. నాతో ఒక్క మాట అనలేదు మీరు. ‘సరిచేసి రాస్తున్నాను’ అంటే అక్షరదోషాలు అనుకున్నాను. కుర్చీ వెనక రాత తుడవడానికి తడిగుడ్డ కూడా తెచ్చి సొరుగులో పెట్టుకున్నాను. అది సొరుగులోనే ఎండిపోతోంది.

నిజం రాయండి. వాళ్లేం చెప్పారు? మీరెందుకు మార్చారు?

మేనకోడలు

&nbsp;

జూన్ 25, మంగళవారం

అమ్మడూ,

ఇంత పెద్ద ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. కాగితం పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాను.

నూట తొంభై తొమ్మిది మందిలో నూట ఇరవై నాలుగు మంది చెప్పులు కుట్టే షాపు కావాలన్నారు. మొదటి గుమ్మంలోనే అన్నారు. నేను ఎవరినీ అడగలేదు. చెప్పులు కుట్టేవాడు వచ్చి గుమ్మం ముందు నిలబడి మీకేం కావాలంటే ఎవరైనా ఏమంటారు? మొహమాటానికి చెప్పులు కుట్టే షాపు అంటారు. అలా అనుకున్నాను. జాలిపడి ఇచ్చింది ఫారంలో ఎలా రాయను? అదీ నా చేత్తో. అదీ నా మేనకోడలి ఆఫీసుకు. సిగ్గేసింది. మార్చాను.

రెండేళ్ల కిందట సంగతి నీకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఒక వారం షాపుకు ఒక్కరు కూడా రాలేదు. గురువారం కూడా రాలేదు. ఆ వారం మా వీధి పైపుల కోసం తవ్వారు. షాపు ముందు నడుం లోతు గుంత. అది కనిపిస్తూనే ఉంది. అయినా, కావాలనుకునేవాళ్లు చుట్టూ తిరిగి రారా అనుకున్నాను. ఊరికి నా పని అయిపోయింది అనుకున్నాను. తాళం వేసి ఇంటికి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేననుకున్నది నిజమే అనుకున్నాను. ఇప్పుడు అందులో ఫోన్ల షాపు ఉంది. నా సామాను మంచం కింద ఉంది.

నీ ఉత్తరం చదివి టైలరమ్మ ఇంటికి వెళ్లాను. ఈసారి గుమ్మం కొట్టాను. నువ్వు నమ్మవు. రెండుసార్లు కొట్టాను.

“నేను చెప్పింది రాయలేదు కదూ?” అంది.

“లేదు.”

“ఎందుకు?”

“జాలి” అన్నాను.

“ఎవరి మీద?”

“నా మీద. మీకు.”

ఆవిడ లోపలికి వెళ్లి గోనె సంచి ఈడ్చుకొచ్చి నా కాళ్ల దగ్గర బోర్లించింది. తొమ్మిది జతలు. అన్నీ తెగినవి. దుమ్ము వేలు మందాన ఉంది.

“జాలి ఉన్నవాళ్లు రెండేళ్లు చెప్పులు దాస్తారా?” అంది. “ఆ గుంత పూడ్చగానే వచ్చాం. తాళం. పై గురువారం వచ్చాం. తాళం. నాలుగు గురువారాలు వచ్చి చూసి వెళ్లాం. ఒంట్లో బాలేదేమో, కళ్లు కనబడటం లేదేమో, అడిగితే బాధపడతాడేమో అనుకున్నాం. అసలు నిన్ను అడిగి ఏం లాభం? గురువారం అంటావు!”

“పక్క ఊళ్లో కుట్టించుకోలేకపోయారా?”

“కుట్టించాను. వాడు కుట్టింది వాడి గుమ్మం దాకా వచ్చింది.”

దుమ్ము అబద్ధం కాదు అమ్మడూ. వేలు మందం దుమ్ము మొహమాటానికి పట్టదు.

ఇంకొకటి రాయాలి. ఇది రాయడం కష్టం. పోస్టుమాస్టరు గారింటికి కూడా వెళ్లాను. చెప్పు విప్పించి లోపల చెయ్యి పెట్టి చూశాను. మడమ దగ్గర మేకు పైకి లేచింది. గుచ్చుకోకుండా ఆయన రెండేళ్లుగా మునివేళ్ల మీద నడుస్తున్నాడు. డాన్సు కాదు. మందుల షాపావిడ పట్టీ తెగి పిన్నీసుతో లాగుతోంది. అందుకే ఒరిగింది. కిటికీ కోసం కాదు. క్యాషియరు బూటుకు అడుగున రూపాయి బిళ్లంత చిల్లు. నీళ్లు దాంట్లోంచి వచ్చాయి. తాళ్లు చుట్టుకున్నవాళ్లు అట్టలు ఊడిపోకుండా చుట్టుకున్నారు.

యాభై ఏళ్లు చేసిన పని. చూడగానే తెలియాల్సింది. నేను చూడదలచుకోలేదు. చూస్తే మంచం కింద సామాను బయటికి తీయాలి.

నీ ఉద్యోగం సంగతి నేను చూస్తాను.

మామయ్య

&nbsp;

జూన్ 29, శనివారం

మామయ్యకు,

‘నేను చూస్తాను’ అని రాస్తే నిన్నంతా భయంతో చచ్చాను. మీరు చూడటం అంటే ఎక్కడో గోడ పక్కన నిలబడి చూడటమే కదా అనుకున్నాను. అమ్మ కూడా, “వాడు బస్సెక్కుతాడు, మన ఆఫీసు ముందు దిగడానికి మొహమాటపడి ఆఖరి స్టాపు దాకా పోతాడు” అంది.

మీరు దిగారు. రెండు గోనె సంచులతో దిగారు. మీరు వెళ్లిపోయాక ఏం జరిగిందో మీకు తెలియదు కాబట్టి అంతా రాస్తున్నాను. ముందు మీరు చేసింది రాస్తాను, మీరు దాన్ని వెనక్కి తీసుకోకుండా.

సూపరింటెండెంటు గదిలో మీటింగు. బావమరిది కూడా ఉన్నాడు, అద్దాల కొలతలతో. మీరు తలుపు తోసి లోపలికి వచ్చారు. నమస్కారం లేదు, పలకరింపు లేదు. సంచులు ఎత్తి బల్ల మీద బోర్లించారు. ఎనభై ఆరు జతలు! ఫైళ్లు కనబడలేదు. టీ కప్పులు కనబడలేదు. బావమరిది తుమ్మడం మొదలుపెట్టాడు, ఇంకా ఆపలేదు. ప్రతి జతకూ ఒక చీటీ, నేను పంపిన కట్ట తాడే ముక్కలు చేసి కట్టారు. ప్రతి చీటీ మీదా ‘మూడో ప్రశ్నకు జవాబు’ అని మీ దస్తూరీ, కింద చెప్పుల యజమాని సంతకం.

“ఏంటిది?” అన్నాడు సూపరింటెండెంటు.

“సర్వే” అన్నారు మీరు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. తర్వాత మీరు అలవాటు ప్రకారం కిందికి చూశారు. బల్ల కింద ఆయన బూటు మీకు కనబడింది. మీరు వంగారు. బల్ల కిందికి వెళ్లారు. మా సూపరింటెండెంటు అరవడానికి నోరు తెరిచేలోగా ఆయన కుడి బూటు మీ చేతిలో ఉంది. అట్ట మొసలి నోరులా తెరుచుకుంది. బల్ల కిందినుంచే “గురువారం” అన్నారు. బూటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఇది మీకు తెలియనిది. ఆయన సాయంత్రం దాకా ఒక బూటుతో తిరిగాడు. కలెక్టరాఫీసు నుంచి ఎవరో వస్తే కాలు చెత్తబుట్ట వెనక దాచుకున్నాడు. గుమాస్తా చీటీలన్నీ చదివి లెక్కపెట్టి, ఇవి దొంగవి కావని సంతకం పెట్టాడు. “సంతకాలు కల్పించవచ్చేమో గానీ సార్, ఈ వాసన కల్పించలేం” అన్నాడు. సూపరింటెండెంటు నన్ను పిలిచి, “సొంత మామయ్యకు గది ఇస్తే జనం ఏమనుకుంటారు?” అన్నాడు. “సొంత బావమరిదికి ఇస్తే అనుకునేదే అనుకుంటారు సార్” అన్నాను. దగ్గాడు. బావమరిది తుమ్మాడు. అద్దాలు వాపసు పోయాయి.

గది చెప్పుల షాపుకే. ఏడాది దాకా అద్దె లేదు. తాళంచెవి మాత్రం ఎనిమిదేళ్లుగా ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మీకు ఎలా వీలైతే అలా తెరుచుకోమని ఆర్డరు వేశారు. పావురాల గురించి ఆర్డరు లేదు.

ఇక నా సంగతి. చీటీలు జతచేశాక ఫారాలు మళ్లీ చెల్లాయి, కానీ నూట తొంభై తొమ్మిదే ఉన్నాయి. రెండు వందలు కావాలి. ఆయన వదలడు, బూటు పోయిన కోపం అంతా ఆ ఒక్క ఫారం మీద చూపిస్తున్నాడు. ఊరు అయిపోయిందని మీరు రాశారు. అయిపోలేదు మామయ్యా. ఒకాయన మిగిలిపోయాడు. మీ ఇంట్లోనే ఉంటాడు.

ఊరందరి కోరికలూ మీరు రాశారు, ఉన్నవీ లేనివీ. మీకేం కావాలో ఒక్కరూ అడగలేదు, నేను కూడా. ఇప్పుడు అడుగుతున్నాను. ఖాళీ ఫారం ఈ ఉత్తరంలోనే ఉంది. సోమవారం పొద్దున పదింటిలోగా నా బల్ల మీద ఉండాలి. రేపటి బస్సుకు కండక్టరు చేతికి ఇవ్వండి. సరిచేసి రాయకండి. మీ చెప్పులు చూసి కూడా రాయకండి. మీరు నోటితో ఏమంటారో అది రాయండి.

షాపు ఎప్పుడు తెరుస్తారో కూడా చెప్పండి. ఊరు నన్ను అడుగుతోంది.

తడిగుడ్డ మళ్లీ తడిపి పెట్టుకున్న
మీ మేనకోడలు

అమ్మ మాట: ఏమీ అనలేదు. మూడుసార్లు చదివించుకుంది. బల్ల కింద దూరిన చోట ఇంకోసారి చదవమంది.

&nbsp;

జూన్ 30, ఆదివారం

అమ్మడూ,

ఫారం నింపాను. డ్రైవరు ఇంజను ఆపలేదు. కండక్టరు నా కోసం నిలబడ్డాడు. తొందరగా రాస్తున్నాను.

పేరు: ‘రెండేళ్లుగా చెప్పులు అరగనాయన’ అని రాశాను. తర్వాత చూసుకుంటే ఈ నెలలో అరిగాయి. కొట్టేశాను. అసలు పేరు నీకు తెలుసు. నువ్వు రాసుకో.

రెండో ప్రశ్న, ఏ అవసరాల కోసం పక్క ఊరికి వెళతారు: ఒకసారి వెళ్లాను. బూటు తెచ్చుకోవడానికి.

మూడో ప్రశ్న: టీ కొట్టు. బస్టాండులో చెప్పులు కుట్టే షాపుకు ఎదురుగా. చెప్పులు ఇచ్చినవాళ్లు అక్కడ కూర్చుంటారు. నా నెత్తిన నిలబడరు. కూర్చుంటే మొహాలు కూడా కనబడతాయి. చూద్దాం.

నాలుగో ప్రశ్న, నెలకు ఎన్నిసార్లు: రోజూ.

టికెట్ల గది తాళం ఆరెతో తీశాను. తోలుకు బెజ్జం పెట్టినట్టే. రెండు నిమిషాలు పట్టింది. పావురాలు పోనంటున్నాయి. పైన అవి, కింద నేను అని ఒప్పందం. టైలరమ్మ చీపురు తెచ్చింది. ఊడుస్తూ తిడుతోంది. పోస్టుమాస్టరు గారు మేకు తీయించుకుని మడమ ఆనించి ఇంటికి నడిచి వెళ్లారు. ఆనించి నడవడం మరిచిపోయి దారిలో ఒకసారి తూలారు. డాన్సులాగే ఉంది.

ఎప్పుడు తెరుస్తావని అడిగావు. మీ సూపరింటెండెంటును కూడా రమ్మను. ఒంటి బూటుతో రమ్మను. రెండోది సిద్ధంగా ఉంటుంది.

గురువారం.

ఈ గురువారమే.

మామయ్య